దానమా, ఋణమా? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి స్మరణలో

అల్ఫారెట్టాలో ఏ తెలుగువారి ఇంట మందుల అర తెరిచినా, ఇక్కడి దుకాణాల్లో కొన్న మాత్రల నడుమ ఒక చిన్న పసుపుపచ్చని సీసా కనబడుతుంది. మనల్ని చూడవచ్చిన అమ్మమ్మో నానమ్మో ఆవకాయ పక్కన, వడియాల మూట పక్కన పదిలంగా సర్దుకొని తెచ్చిన అమృతాంజనం అది. మన పిల్లలకు దాని వాసన తెలుసు, దాని మంట తెలుసు, పేరు కూడా తెలుసు. దాన్ని తయారుచేసిన మనిషి ఎవరో మాత్రం తెలియదు. నిజం చెప్పవలసి వస్తే మనలో పెద్దవారికి కూడా ఆయన పేరు తెలిసినంతగా ఆయన జీవితం తెలియదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1938 ఏప్రిల్ 11న మద్రాసులో పరమపదించారు. ఏటా ఆ తేదీ వస్తుంది, వెళుతుంది. ఈమారు మాత్రం దాన్ని ఊరక పోనివ్వలేకపోయాము. అందుకు కారణం మన మధ్యనే సాగుతున్న ఒక వాదం.

ఆ వాదం మనకందరికీ పరిచితమే. సంవత్సరాంతంలో ఇంటిల్లిపాదీ కూర్చుని ధర్మకార్యాలకు ఎంత ఇవ్వాలో, ఎవరికివ్వాలో ఆలోచించే వేళ అది మొదలవుతుంది. పుట్టిన ఊళ్ళో బడికి కప్పు వేయించాలని ఇంటి పెద్ద అంటారు. ఆలయ మండపం పని సగంలో ఉంది, ముందు అది కానిమ్మని ఇల్లాలు అంటుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు మన పక్క ఊరు రాస్వెల్‌లోని నార్త్ ఫుల్టన్ కమ్యూనిటీ చారిటీస్‌కు ఎందుకివ్వకూడదని అడుగుతారు. ‘మనం ఉండేది ఇక్కడ కదా, ఇక్కడ ఆకలి గొన్నవారు లేరా?’ అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నకు కోపగించుకున్న పెద్దలను చూశాము, సిగ్గుపడిన పెద్దలనూ చూశాము. సంపాదించిన ఊరికి ఇవ్వాలా, పుట్టిన ఊరికి ఇవ్వాలా అన్న ఈ చిక్కు పంతులుగారి జీవితమంతటా ఉంది. ఆయన దాన్ని ఎట్లా విప్పుకున్నారో చూస్తే మనకేమైనా దారి దొరుకుతుందేమోనన్నది మా ఆశ.

ఆయన 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. మచిలీపట్నంలో చదివి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో 1891లో పట్టం పుచ్చుకున్నారు. ఆ కాలంలో పట్టభద్రుడైన బ్రాహ్మణ యువకుడికి ముందున్న రాచబాట సర్కారు కొలువు, కాకపోతే వకీలు వృత్తి. ఆయన ఆ రెండూ కాదని వ్యాపారం వైపు నడిచారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి రచనల ప్రభావం ఆయన మీద బలంగా ఉండేది. కులవృత్తి, ప్రభుత్వోద్యోగం అనే రెండు గోడల నడుమ నుంచి బయటపడే ధైర్యం అక్కడినుంచే వచ్చిందనుకోవాలి. కలకత్తాలో మందుల వ్యాపారంలో పని నేర్చుకొని, బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం తయారీ ప్రారంభించారు.

బొంబాయిలో ఆయన పరాయివాడు. అది మరాఠీల, గుజరాతీల, పార్సీల నగరం. అక్కడి తెలుగువారిలో ఎక్కువమంది కట్టడపు పనులకు, బట్టల మిల్లులకు వలసవెళ్ళిన శ్రమజీవులు. ఆయన మందు కొన్నవారి భాష వేరు, ఆయన భాష వేరు. తలనొప్పికి భాష లేదు గనుక వ్యాపారం సాగింది! ఒక సంగతి ఇక్కడ దాచకుండా చెప్పుకోవాలి. ఆయన తొలినాళ్ళలో సంగీత సభలకు వెళ్ళి, వచ్చినవారికి అమృతాంజనాన్ని ఉచితంగా పంచేవారని ప్రసిద్ధి. అది దానమా? కానే కాదు, వ్యాపార ప్రకటన. ఇంత ఉచితంగా రుచి చూపించి, రేపు కొనిపించే నేర్పు. దాన్ని దానమని చెబితే ఆయనే ఒప్పుకొని ఉండరు. దానానికీ ప్రకటనకూ మధ్యనున్న గీత సన్ననిదని మనకు తెలియాలి. మన ఆలయ పత్రికలో చివరి పుటల నిండా ఉండే శుభాకాంక్షలు ఆ గీతకు ఏ వైపున ఉన్నాయో ఎవరికివారే ఆలోచించుకోవచ్చు. వాటి వల్లనే ఈ పత్రిక అచ్చవుతున్నది కూడా నిజమే గనుక అంతకుమించి మేము ఏమీ అనము.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే మనం ఉన్న ఈ జార్జియాలో మరొక తలనొప్పి మందు కథ నడుస్తున్నది. అట్లాంటాలో జాన్ పెంబర్టన్ అనే ఔషధ నిపుణుడు 1886లో ఒక పానీయం తయారుచేశాడు. తలనొప్పికి, నరాల నిస్త్రాణకు మంచిదని దాన్ని అమ్మారు. అదే కోకకోలా. పెంబర్టన్ 1888లో మరణించాడు. ఆసా కాండ్లర్ అనే మందుల వ్యాపారి దాని హక్కులను మొత్తం మీద 2,300 డాలర్లకు సంపాదించి, 1892లో కంపెనీని స్థాపించాడు. కాండ్లరే తలనొప్పితో బాధపడేవాడని, ఆ పానీయం తనకు గుణమిచ్చిందనీ చెబుతారు. ఆయనా తన సరుకును ఉచితంగా రుచి చూపించాడు, చీటీలు పంచి. చీటీ చూపితే దుకాణంలో ఒక గ్లాసు ఉచితం. బొంబాయిలో 1893, అట్లాంటాలో 1892. రెండు చోట్లా తల పట్టుకున్న జనం, రెండు చోట్లా మందుల అంగడిలో పని నేర్చిన దైవభక్తుడైన వ్యాపారి, రెండు చోట్లా ఉచిత పంపకం. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. కాండ్లర్ గురించి ఇంకా చెప్పుకోవలసింది ఉంది, దాన్ని కాసేపు ఆపుదాము.

పంతులుగారి చేతికి డబ్బు వచ్చింది. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభకు ఆయన వెళ్ళారు. దేశమంతా ఉడుకుతున్న ఆ రోజుల్లో తెలుగువారికి ఆ వేడిని చేరవేసే గట్టి పత్రిక లేదన్న బాధ ఆయనకు కలిగింది. మరుసటి సంవత్సరం, 1908లో, బొంబాయి నుంచే ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికగా వెలువడింది. ఆ మాటను ఇంకొకసారి తలచుకోవాలి. కృష్ణా తీరాన చదువవలసిన తెలుగు పత్రిక అరేబియా సముద్రపు ఒడ్డున అచ్చయింది. పుట్టిన గడ్డకు అన్ని వందల మైళ్ళ దూరాన ఉండి, తన చుట్టూ ఎవరూ మాట్లాడని భాషలో పత్రిక నడపడమెట్లాంటిదో అల్ఫారెట్టాలో కూర్చుని ఈ సంచిక కూర్చే మాకు కొంచెం తెలుసు. ఆయనది సాహసమైతే మాది సరదా. అయినా అచ్చుతప్పుల బాధ ఒక్కటే అయి ఉంటుంది.

1914లో ఆ పత్రిక మద్రాసుకు తరలి దినపత్రిక అయింది. 1910 మొదలు వచ్చిన దాని ఉగాది సంచికలు సాహిత్యానికి పండుగ భోజనాలు. 1924లో ‘భారతి’ మాసపత్రిక ప్రారంభమైంది. సాహిత్యం, చరిత్ర, శాసనాలు, కళలు అన్నింటికీ అది దశాబ్దాల తరబడి వేదికగా నిలిచింది. 1926లో ఆంధ్ర గ్రంథమాల. తాళపత్రాల్లో మగ్గుతున్న ప్రాచీన గ్రంథాలను పరిష్కరింపజేసి, సామాన్యుడికి అందే వెలకు అచ్చు వేయించడం దాని పని. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణతో ఆ మాలలోనే వెలుగు చూసింది. కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగులో విజ్ఞానసర్వస్వం తేవాలని శ్రమించి, పని పూర్తికాకుండానే 1923లో కాలం చేశారు. ఆ భారాన్ని పంతులుగారు తల కెత్తుకొని 1930లలో సంపుటాలు వెలువరించారు. ఇవి కాక గ్రంథాలయాలకు పుస్తకాలు, పేద విద్యార్థులకు జీతాలు, రచయితలకు ఆదరువు, జాతీయోద్యమానికి ధనం. పది సంవత్సరాలకు పైబడి ఆంధ్ర కాంగ్రెస్ బాధ్యతలు మోశారు. ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. తెలుగుజాతి ఆయనను దేశోద్ధారక అన్నది. గాంధీజీ విశ్వదాత అన్నారని చెబుతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ బిరుదమిచ్చింది.

ఈ పట్టిక చదువుతున్నప్పుడు మమ్మల్ని ఆపినది ఒక చిన్న విషయం. ఇందులో దేనికీ ఆయన పేరు లేదు. పత్రిక ఆంధ్రులది, మాసపత్రిక భారతిది, గ్రంథమాల ఆంధ్ర గ్రంథమాల. మందు సీసా మీద సైతం అమృతమే ఉన్నది గాని కాశీనాథుడు లేడు. మద్రాసు మైలాపూరులో ఆయన పేరున ఉన్న ఉద్యానవనం ఆయన పోయిన తర్వాత ఇతరులు పెట్టినది. చాటుకుంటే దానఫలం నశిస్తుందని మన స్మృతులు హెచ్చరించాయి. ఆ భయంతోనే పేరు పెట్టలేదేమో. అయితే మాకు మరొక కారణం తోస్తున్నది. అప్పు తీర్చేవాడు తన పేరు చెక్కించుకుంటాడా? బ్యాంకుకు నెలవారీ కిస్తు కట్టి, నా పేరు గోడ మీద రాయండని మనమెవరమైనా అడుగుతామా? తాను చేస్తున్నది దానమనుకున్నవాడికి పలక కావాలనిపిస్తుంది. ఋణమనుకున్నవాడికి రసీదు చాలు.

ఆయన భక్తి కూడా ఈ తరహాదే. ఉప్పు సత్యాగ్రహ కాలంలో కారాగారానికి వెళ్ళినప్పుడు ఆయన అక్కడ చేసిన పని భగవద్గీతకు వ్యాఖ్యానం రాయడం. గుడులు కట్టించిన వ్యాపారులు మన దేశంలో వేలు. గీతను విప్పి చెప్పడానికి కూర్చున్న వ్యాపారి అరుదు. గీతలో 17వ అధ్యాయం దానాన్ని మూడు విధాలుగా విడదీసి చూపుతుంది. ఇవ్వడం కర్తవ్యం గనుక, తిరిగి మేలు చేయలేనివాడికి, తగిన చోట, తగిన సమయంలో, పాత్రుడికి ఇచ్చేది సాత్త్వికం. బదులు కోరి, ఫలం చూసుకొని, మనసు నొచ్చుకుంటూ ఇచ్చేది రాజసం. చోటూ వేళా చూడక, అపాత్రుడికి చులకనగా పడవేసేది తామసం. ఆ శ్లోకాల దగ్గరకు వచ్చినప్పుడు పంతులుగారి కలం ఒక్క క్షణమైనా ఆగి ఉంటుందని మా ఊహ. ఎందుకంటే ఆయన మీద లోకులు మోపిన తప్పు ఒక్కటే: అడిగినవాడు తగినవాడా కాడా అని చూడరు, లేదనడం తెలియదు.

ఈ తప్పును మేము తేలికగా కొట్టివేయలేము. పాత్రత చూడమని గీత చెప్పింది. అమెరికాలో మనం ప్రతి సంస్థకూ 501(సి)(3) గుర్తింపు ఉన్నదా లేదా అని చూసి గాని చెక్కు రాయము. మోసం జరగకూడదన్న జాగ్రత్త అది, ఆదాయపు పన్ను మినహాయింపు మీద కన్ను కూడా అదే. ఆ రెండింటిలో ఏది ఎంత అని మన మనసును మనం అడగడం అరుదు. అయితే పాత్రతను పరీక్షించే హక్కు దాతకు ఎక్కడినుంచి వచ్చింది? తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి ఇంటికి వెళుతున్న శిష్యుడికి గురువు చెప్పే మాటలున్నాయి. ఇచ్చేటప్పుడు శ్రద్ధ ఉండాలంటాడు, అది అర్థమవుతుంది. సిగ్గు ఉండాలంటాడు, భయం ఉండాలంటాడు. ఇచ్చేవాడికి సిగ్గెందుకు? పుచ్చుకునేవాడు కదా సిగ్గుపడేది! మేము దీని మీద చాలా కాలం తలపట్టుకున్నాము. ఇంత ఆలస్యంగా, ఇంత తక్కువగా ఇస్తున్నానే అని బాకీదారుడు పడే సిగ్గు అది అని ఇప్పుడు అనిపిస్తున్నది. అప్పిచ్చినవాడు వాకిట్లోకి వస్తే బాకీదారుడు అతని గుణగణాలను విచారించడు. పంతులుగారు అడిగినవాడిని విచారించకపోవడంలో అమాయకత్వం కన్న ఈ ఎరుక ఎక్కువగా ఉన్నదని మా నమ్మకం. మోసగాళ్ళు ఆయన వద్ద కొంత దోచుకొని ఉండవచ్చు. ఆ నష్టాన్ని ఆయన తన ఖాతాలో రాసుకున్నారు, నిజమైన అవసరంతో వచ్చినవాడి మీద వేయలేదు.

ఇక కాండ్లర్ దగ్గరకు వద్దాము. ఆయన మెథడిస్టు సంప్రదాయపు నిష్ఠాపరుడు. అన్న కాదు, తమ్ముడు వారెన్ కాండ్లర్ ఆ సంప్రదాయంలో బిషప్పు. 1914లో ఆసా కాండ్లర్ ఒక విశ్వవిద్యాలయానికి పది లక్షల డాలర్లు ఇస్తూ లేఖ రాశాడు. అట్లాంటా డ్రూయిడ్ హిల్స్‌లో స్థలమూ ఇచ్చాడు. ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో 1836 నుంచి ఉన్న ఎమరీ కళాశాల ఆ ధనంతో ఎమరీ విశ్వవిద్యాలయమైంది. వెస్లీ మెమోరియల్ ఆసుపత్రి కూడా ఆయన అండతో పెరిగి, 1922లో ఆ ప్రాంగణానికి తరలింది. అదే నేటి ఎమరీ ఆసుపత్రి. 1914లోనే ఐరోపా యుద్ధం వల్ల పత్తి ధర కూలిపోయినప్పుడు, కాండ్లర్ పత్తిని హామీగా ఉంచుకొని అప్పులిచ్చాడు, పెద్ద గిడ్డంగి కట్టించాడు. అప్పట్లో మన అల్ఫారెట్టా చుట్టూ ఉన్నవి పత్తి చేలే. ఇప్పుడు మనం వాహనాలు నిలిపే ఆఫీసు ఆవరణల కింద ఆ మన్నే ఉన్నది.

కాండ్లర్ ఔదార్యానికి ఒక ఎల్ల ఉండేది. ఆయన పెంచిన విశ్వవిద్యాలయం తెల్లవారిది. నల్లవారిని చేర్చుకుంటే పన్ను మినహాయింపు పోతుందన్న జార్జియా చట్టాన్ని న్యాయస్థానంలో ఎదిరించి 1962లో ఎమరీ గెలిచేదాకా ఆ తలుపు మూసే ఉంది. ఇక మనవంటివారి సంగతి చెప్పనక్కరలేదు. ఆయన 1917లో అట్లాంటా మేయరు పదవి చేపట్టాడు. ఆ ఏడే అమెరికా ప్రభుత్వం భారతీయుల వలసను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ నిషేధం నీడ పూర్తిగా తొలగి, మనవారు రావడానికి దారి తెరచుకున్నది 1965 చట్టంతోనే. మరి ఇప్పుడు చూడండి. అల్ఫారెట్టా పక్కనే జాన్స్ క్రీక్‌లో ఎమరీ ఆసుపత్రి ఉంది. మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలు అక్కడ కన్ను తెరిచారో, ఎంతమంది తాతయ్యల గుండెలు అక్కడ కుదుటపడ్డాయో లెక్కలేదు. మన పిల్లలు ఆ విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతున్నారు. కాండ్లర్ చేతినుంచి వెళ్ళిన ధనం ఆయన చూపు ఆగిన చోట ఆగలేదు. ఎల్ల దాటించినది ఆయన కాదు. నల్లవారి పోరాటం, చట్టాలు, కాలం, ఆ సంస్థలోని ధర్మబుద్ధి గలవారు దాన్ని దాటించారు. దాతను మహానుభావుడని పొగిడి ఊరుకోవడానికీ, అతని దోషాన్ని పట్టుకొని చేసిన మేలును కొట్టివేయడానికీ మేము సిద్ధంగా లేము. రెండూ కలిపి గుర్తుంచుకోవడం పిల్లలకు కష్టం కాదు. పెద్దలకే కష్టం.

అదే కంపెనీని తర్వాతి తరంలో నడిపిన రాబర్ట్ వుడ్రఫ్ పేరు చెప్పవద్దన్న షరతు మీద ఇచ్చేవాడని అట్లాంటాలో ఆయనను అజ్ఞాతదాతగానే పిలిచేవారు. చివరకు 1979లో ఎమరీకి 10 కోట్ల 50 లక్షల డాలర్ల విరాళం రావడంతో ఆ అజ్ఞాతం దాగలేదు. అంత మొత్తాన్ని ఏ కొంగులో దాచగలరు?

ఇప్పుడు మన వాదం. పంతులుగారు బొంబాయి సొమ్మును తెలుగుకు ఇచ్చారు గనుక మనమూ ఇక్కడి సొమ్మును అక్కడికే పంపాలని ఒకరు అనవచ్చు. అట్లా చేసినవారు మరికొందరున్నారు. కోరంగి నుంచి రంగూనుకు వెళ్ళి ఓడరేవు పనుల్లో ధనవంతుడైన మల్లాడి సత్యలింగ నాయకర్‌గారు తన ఆస్తిని కాకినాడ ప్రాంతపు ధర్మకార్యాలకు రాసి ఇచ్చారు. ఆ ధర్మసంస్థ నేటికీ పిల్లలను చదివిస్తున్నది. ఆ ఉదాహరణలు గొప్పవే. అయితే రంగూనులో ఉన్నవాడు తిరిగి వచ్చే ఉద్దేశంతో ఉన్నాడు, బొంబాయిలో ఉన్నవాడు 1914లో మద్రాసు చేరుకున్నాడు. మనం తిరిగి వెళ్ళబోవడం లేదు. ఈ మాట పైకి అనడానికి మనలో చాలామందికి గొంతు పెగలదు గాని, మన పిల్లల ఊరు ఇదే. అందువల్ల వారి జీవితాలను యథాతథంగా అనుకరిస్తే మన బాకీ తీరదు.

మన పూర్వులు మనిషి పుట్టుకతోనే ఋణస్థుడన్నారు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు మనకు అలవాటైన పేర్లు. శతపథబ్రాహ్మణం నాలుగవది చేర్చింది, అది మనుష్యఋణం. దేవతలకు యజ్ఞంతో, ఋషులకు అధ్యయనంతో, పితరులకు సంతతితో, తోటి మనుషులకు వసతి ఇచ్చి అన్నం పెట్టి తీర్చాలి. ఏ బాకీ సొమ్ము ఆ బాకీకే. పితరులకు చెల్లించవలసిన దాన్ని దేవుడి హుండీలో వేస్తే లెక్క కుదరదు. ఈ చూపుతో పంతులుగారి పనులను మళ్ళీ చదివితే, ఆయన అచ్చు వేయించిన పుస్తకాలన్నీ ఋషిఋణపు చెల్లింపులే. చదువు తనకు ఎవరి భాషలో అందిందో ఆ భాషకే దాన్ని తిరిగి ఇచ్చారు. ఆ ఋణం బొంబాయిలో ఉన్నా వెంట వచ్చింది. మన వెంట అట్లాంటాకూ వచ్చింది. పిల్లలకు తెలుగు చెప్పడం, పాత పుస్తకాలను బతికించడం, ఊరి బడికి కప్పు వేయించడం ఆ పద్దు కిందికి వస్తాయి.

మనుష్యఋణం మాత్రం పక్కింటివాడితో మొదలవుతుంది. ఎవరి నీళ్ళు తాగుతున్నామో, ఎవరు వేసిన రోడ్డు మీద నడుస్తున్నామో వారికి. ఇందులో మన అల్ఫారెట్టా చరిత్ర చాలా చెబుతుంది. 1830ల దాకా ఇది చెరోకీ జాతి భూమి. వారిని 1838లో బలవంతంగా పడమటికి తరిమివేశారు. తర్వాత 1857లో మిల్టన్ కౌంటీ ఏర్పడి, 1858లో పట్టణమైన అల్ఫారెట్టా దానికి కేంద్రమైంది. ఆర్థిక మాంద్యం దెబ్బకు ఆ చిన్న కౌంటీ దివాలా అంచుకు చేరితే, 1932లో ఫుల్టన్ కౌంటీలో కలిపి దాన్ని ఒడ్డు చేర్చారు. ఇప్పుడు ఇన్ని మెరుపులతో ఉన్న ఈ ఊరు ఒకనాడు పొరుగువాడి ఆసరాతో నిలబడ్డ ఊరు. మనం వచ్చేసరికి బడులున్నాయి, గ్రంథాలయం ఉంది, 400 నంబరు రహదారి ఉంది. వాటికి మన పన్నులు ఇప్పుడు చెల్లుతున్నాయి, నిజమే. అవి కట్టిన తరాల పన్నులు మనవి కావు. చెరోకీలకున్న బాకీ ఎట్లా తీర్చాలో మాకు తెలియదు. తెలియదన్న సంగతి పిల్లలకు చెప్పడం మాత్రం తెలుసు.

కనుక రాస్వెల్‌లో ఆహారం పంచేచోటికి ఇవ్వమన్న మన పిల్లలు పుట్టిన ఊరిని మరచి అట్లా అనడం లేదు. మనం చూడని పద్దును వారు చూపుతున్నారు. ఎవరి తాతగారి ఊరికి ఎంత, మండపానికి ఎంత అని మనం చేసే బేరం నిలిపి, ఏ ఋణంలో మనం ఎంత వెనకబడ్డామో చూసుకోవడం మేలని మాకు తోస్తున్నది. కొందరి ఇంట ఒక ఏడు అంతా తెలుగుకే పోవచ్చు, మరొక ఏడు అంతా ఇక్కడి అన్నానికే పోవచ్చు. ఆలయానికి ఇచ్చేది దేవఋణమని మేము చెప్పనవసరం లేదు. ఆలయం ఇచ్చే అన్నప్రసాదం పొరుగువారి ఆకలికి అందితే అది రెండు పద్దులకూ చెల్లుతుందని మాత్రం ధర్మకర్తలకు విన్నవించుకుంటున్నాము.

ఇంకొక సంగతి మిగిలి ఉంది. ఆంధ్రపత్రిక, భారతి రెండూ 1990ల ఆరంభంలో ఆగిపోయాయి. వాటిని పోషించిన అమృతాంజనం ఇంకా అమ్ముడవుతున్నది. తలనొప్పికి ఉన్న ఆయుష్షు తెలుగు పత్రికకు లేకపోయిందని ఒక మిత్రుడు విరుపుగా అన్నారు. ఆ మాటకు మేము చాలాసేపు బదులు చెప్పలేకపోయాము. అయితే ఆ పత్రికల పాత సంచికలను ప్రతిబింబాలుగా తీసి భద్రపరిచిన పుణ్యాత్ములున్నారు. అంతర్జాలంలో అవి ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి.

గత మాసం ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలకు అట్లాంటి పాత ఆంధ్రపత్రిక పుట ఒకటి తెర మీద చూపించాము. అక్షరాలు పాతవి, అచ్చు మసక, వత్తులు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నిన్నగాక మొన్న గుణింతాలు ముగించిన పిల్లలు రెండు పంక్తులు కూడబలుక్కొని ఆగిపోయారు. వెనక వరుసలోని ఒక చిన్నది మాత్రం పుట అడుగున ఉన్న ప్రకటన మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే పట్టుకొని, ‘అ... మృ... తాం...’ అని మొదలుపెట్టి, తక్కినది చదవకుండానే పెద్దగా అరిచింది: ‘ఇది మా నానమ్మ సీసా!’